దయ్యాల మేడలో పట్టుకున్న చెయ్యి

బెజవాడ,
ఫిబ్రవరి 1974, మంగళవారం

అమ్మకు నీ పెద్దమ్మాయి సంపూర్ణం వందనాలు పెట్టి రాస్తున్నది. దేవుడి దయవల్ల నేనూ, మీ అల్లుడుగారూ, పిల్లవాడూ కులాసాగానే ఉన్నాం. నాన్న దగ్గు తగ్గిందా? మిరియాల కషాయం మానిపించకు.

నీ ఉత్తరం ఈ పొద్దున అందింది. చేతి వాపు తగ్గుతోంది, దిగులు పడకు. ఎగ్జిబిషన్ ఇంకో రెండు వారాలుంటుంది. అందులోని దయ్యాల మేడలో కరెంటు పని మీ అల్లుడుగారిదే గనక నేను అక్కడ ఒంటరిగా లేను. ప్రభువును నమ్ముకున్న పిల్ల దయ్యం వేషం కట్టవచ్చా అని అడిగావు. క్రిస్మస్ నాటకంలో హేరోదు వేషం ఏటా నాన్నే కదా కట్టేది, గుడిలోంచి ఎవరైనా పొమ్మన్నారా? తెల్లచీర కట్టి, జుట్టు విరబోసి, ముఖానికి పౌడరు దట్టంగా పూసుకుని చీకటి మూల నిలబడతాను. ఎర్రబల్బు వెలగగానే చేతులు చాపి ఒక అడుగు ముందుకు వేస్తాను. నేను ఎవరినీ ముట్టుకోకూడదని మేనేజరుగారి ఆర్డరు. నన్ను ముట్టుకోకూడదని మాత్రం ఎక్కడా బోర్డు లేదు. రాయించమంటే, "బోర్డు చూస్తే జనానికి భయం పోద్దమ్మా, ఇంక టిక్కెట్టు ఎవరు కొంటారు?" అన్నారు. ఆ మాటా నిజమేనేమో, నాకు తెలియదు.

మొన్న మంగళగిరి నుంచి వచ్చిన ముసలమ్మ ఒకావిడ నన్ను చూసి కెవ్వున అరిచి, కాలి చెప్పు తీసి భుజం మీద ఒక్కటి వేసింది. "అమ్మా, నేను మనిషిని" అన్నాను. పాపం, చెప్పు అక్కడే పడేసి నా భుజం నిమిరింది. "అయ్యో నా తల్లీ, చీకట్లో తెలవలేదే. అన్నం తిన్నావా?" అని, కొంగున ముడివేసుకున్న పప్పుండ నా చేతిలో పెట్టి వెళ్ళింది. ఆవిడ మీద నాకు కోపం రాలేదు. భయం వేస్తే ఎవరికైనా చెయ్యి లేస్తుంది.

చెల్లి రూతు పెళ్ళి ప్రకటన ఆదివారం గుడిలో అయ్యగారు మొదటిసారి చదివారనీ, ఎవరూ అభ్యంతరం చెప్పలేదనీ సంతోషంగా రాశావు. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. అయ్యగారు అభ్యంతరం ఉంటే చెప్పమంటారే, ఏది అభ్యంతరం కిందికి వస్తుందమ్మా? పెళ్ళికొడుక్కి ఇదివరకే పెళ్ళయి ఉంటేనేనా? అంతకన్నా చిన్నవి లెక్కలోకి రావా? నిన్ను తప్ప ఎవరిని అడగను?

కిందటి వారం ముగ్గురు కుర్రాళ్ళు మేడలోకి వచ్చారు. ఎర్రబల్బు వెలిగినా ఒకడు జడవలేదు. నవ్వుతూ వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు, రెండో చేతికి నా జుట్టు చుట్టుకున్నాడు. "వదలండి బాబూ, నొప్పిగా ఉంది" అన్నాను, నా సొంత గొంతుతోనే. "దయ్యానికి నొప్పేంట్రా" అని స్నేహితులకేసి చూసి, చెయ్యి ఇంకా మెలిపెట్టాడు. "ఒరే కృపానందం, పోదాం రారా" అని పక్కవాడు లాగేదాకా వదల్లేదు. బయటి తెర తీసినప్పుడు వెలుతురులో ముఖం చూశాను. మన కృపానందమే అమ్మా, రూతును చేసుకోబోయే గన్నవరం బడిపంతులే. నా ముఖాన పౌడరు ఉంది. నేను ఈ పని చేస్తున్నట్టు వియ్యాలవారికి తెలియనివ్వద్దని నువ్వే అన్నావు. అతనికి నేనని తెలిసే దారి లేదు.

మర్నాడు పొద్దున అతనే బత్తాయిలు తీసుకుని మా ఇంటికి వచ్చాడు. మర్యాదగా తల ఎత్తకుండా కూర్చున్నాడు. నా చేతి వాపు చూసి, "ఏమైందండీ వదినగారూ? డాక్టరుకు చూపించారా?" అన్నాడు. నిజంగా బాధపడే అడిగాడు, అదే నాకు అర్థం కాదు. తలుపు సందులో పడిందని చెప్పాను. నీకూ అదే అబద్ధం రాశాను.

మీ అల్లుడుగారికి చెబితే, "చీకట్లో నువ్వని తెలవదు గదా" అన్నారు. తెలిస్తే చెయ్యి వేసేవాడు కాదు, ఒప్పుకుంటాను. నా చోట ఇంకెవరి పిల్లో నిలబడి వదలమంటే? ఒకపూట వాడు చెడ్డవాడనిపిస్తుంది. ఇంకోపూట ఆ బత్తాయిలు గుర్తొచ్చి, కుర్రతనంలే అనిపిస్తుంది. చెల్లి నోటి దగ్గరి ముద్ద లాగేస్తున్నానేమోనని భయం. నోరు మూసుకుంటే, రేపు తన ఇంట్లో రూతు వదలమంటే వదులుతాడా అని అంతకన్నా భయం.

ఈ ఉత్తరం దాచకుండా రూతుకు చదివి వినిపించు. పెళ్ళి దానిది, మాట కూడా దానిదే. చేసుకుంటానంటే వచ్చి పసుపు దంచడం దగ్గర్నుంచి అన్ని పనులూ శ్రద్ధగా చేస్తాను, ఈ సంగతి మళ్ళీ ఎత్తను. రెండో ప్రకటన ఈ ఆదివారమే కదా, పొద్దున మొదటి బస్సుకు వస్తాను. ముఖం శుభ్రంగా కడుక్కుని, జడ వేసుకుని, ఆడవాళ్ళ వైపు చివర కూర్చుంటాను. అయ్యగారు అభ్యంతరం అడిగినప్పుడు రూతు ఒక్కసారి వెనక్కి తిరిగి నన్ను చూస్తే చాలు, లేచి నిలబడతాను.

ఇట్లు,
నీ పెద్దమ్మాయి,
రూతు అక్క,
సంపూర్ణం