బత్తాయి తోటకు పోయిన తొక్కలు

మంగళవారం, రాత్రి తొమ్మిదిన్నర

సాయంత్రం అబిడ్స్‌లో బండి మీద కొన్న విదేశీ నారింజను ఒలిస్తే తొనల మధ్య పురుగు కదిలింది. పురుగు కన్నా మొన్నటి సంచి గుర్తొచ్చి ఎక్కువ భయం వేసింది. వంటింటి తొక్కలన్నీ పోగుచేసి, నల్లగొండ నుంచి తమ్ముడు వచ్చినప్పుడల్లా వాడి బత్తాయి తోటకు ఎరువుగా ఇస్తుంటాను. ఆదివారం ఇచ్చిన సంచిలో ఇదే బండి నారింజలు, మెత్తబడినవి రెండు వేశాను. కోసి చూడలేదు.

ఫోన్ చేస్తే తమ్ముడు నవ్వాడు.

"ఏందక్కా, గంత దూరంకెళ్లి వచ్చిన పురుగు మన ఎండకు బతుకుతదా?"

"నవ్వకు తమ్మీ. సంచి యాడ గుమ్మరించినవ్?"

"చెట్ల మొదట్లనే. ఇంకేడ గుమ్మరిస్త?"

ఆ రెండు పండ్లలో పురుగు లేకపోవచ్చు. ఉన్నా ఎండకు చచ్చి ఉండవచ్చు. చావకపోతే మాత్రం, తోటంతా ఇప్పుడు పిందె మీద ఉంది. పక్క తోటలు కూడా బత్తాయివే.

గంట తర్వాత వాడే ఫోన్ చేశాడు. టార్చిలైటు పట్టుకుని చెట్ల కింద వెతుకుతున్నాడట. ఈసారి నవ్వలేదు.

"అక్కా, గా పురుగు ఎట్లుండె? తల నల్లగుండెనా?"

తెల్లగా ఉందని మాత్రమే చెప్పగలిగాను. సరిగా చూడకముందే సింకులో వేసి నీళ్లు వదిలేశాను.