మూత పెట్టి తీసిన వీడియో

శనివారం రాత్రి, నాంపల్లి

ఈరోజు గెలుపు నాదే. రేపు మనవరాలు దీప్తి తీసే మొదటి సినిమా కోసం ఆబిడ్స్‌లో సెకండ్‌హ్యాండ్ కెమెరా బేరం కుదిరాక అన్నాను: "లెన్స్‌కి మూత పెట్టి కాసేపు రికార్డ్ చెయ్యి నాయనా."

షాపతను నవ్వాడు. "మూత పెడితే ఏమొస్తదమ్మా? చీకటొస్తది, గంతే!"

"అమ్మమ్మా, పరువు తియ్యకే," అని దీప్తి గొణిగింది.

"ఆ చీకటే చూపించు."

తీసింది షాపు టీవీలో వేస్తే నల్లటి తెర నిండా తెల్లచుక్కలు! లోపల బొమ్మను పట్టే సెన్సార్ పాడైతే అంతేనని వారంగా రివ్యూలు చదివిన నాకు తెలియదా? రేపటి షూటింగంతా బూడిదపాలయ్యేది.

"జర ఆగున్రి, లోపల ఇంకోటున్నది," అంటూ తెచ్చాడు. దానికీ మూత పెట్టి చూస్తే చీకటి కడిగినట్టుంది, ఒక్క చుక్క లేదు; అదే కొన్నాం.

దారంతా దీప్తి నా సంచి కూడా తనే మోసింది. ఇక సినిమా బాగా రాకపోతే కెమెరాను తిట్టుకునే వీలు లేదు పిల్లకి. ఆ సంగతి నేను ఆలోచించలేదు...