పేరు లేని లెక్కల పేపర్లు

ప్రిన్సిపాల్ గారికి,

దర్జీ పని చేసుకునే ఒక తండ్రి నమస్కరించి రాస్తున్నది. అయిదో తరగతి ఫలితాల్లో మా అమ్మాయి పేరే లేదు. పొద్దున ఉపనిషత్తులు, మధ్యాహ్నం కంప్యూటర్లు నేర్పే బడి అని మురిసిపోయి చేర్పించాను. మరి పిల్ల ఆరుకి వెళ్తుందా, లేదా?

తమ విధేయుడు,
దర్జీ

తా.క. ఆరో తరగతి యూనిఫాం కుట్టేశాను. ఇక విప్పను.

దర్జీ గారికి,

నమస్తే. మీ అమ్మాయే కాదు, నలభై మందీ లెక్కల పేపరు మీద పేరు రాయలేదు. ఎందుకర్రా అంటే, "మనం పేరు కాదు, శరీరం కాదు అని మీరేగా చెప్పారు" అన్నారు. ఎవరిదేదని అడిగితే, "నాది, నీది అన్న భేదం లేదు" అంటున్నారు. అందరిలో ఉన్నది ఒక్కటేనని అందరికీ ఒకే దస్తూరీ నేర్పిన పుణ్యం మాదే. తల్లిదండ్రులు వచ్చి గుర్తుపట్టాలి.

శుభం కోరుతూ,
ప్రిన్సిపాల్

తా.క. హాజరు పిలిస్తే ఎవరూ పలకడం లేదు. భోజనం గంటకు మాత్రం పిలవకుండానే వస్తున్నారు.

ప్రిన్సిపాల్ గారికి,

నిన్న వచ్చి పేపర్లన్నీ చూశాను. తొంభై ఎనిమిది మార్కులది మా అమ్మాయిదే. కొలతలు తీసే కళ్ళండీ ఇవి, పొరబడవు.

తమ విధేయుడు,
దర్జీ

తా.క. గిన్నెలు కడగమంటే "నేను కర్తను కాను" అంటోంది. దీనికి విరుగుడు ఏ ఉపనిషత్తులో ఉందో చెప్పగలరు.

దర్జీ గారికి,

ఆ తొంభై ఎనిమిది మా బిడ్డదేనని ఇప్పటికి పందొమ్మిది మంది సంతకం పెట్టారు. పదకొండు మార్కుల పేపరును మాత్రం ఒక్కరూ ముట్టుకోలేదు. సోమవారంలోగా తేలకపోతే నలభై మందీ మళ్ళీ అయిదే చదవాలని కమిటీ తీర్మానం. మీలో ఒక్కరైనా నిజం చెప్పండి.

మీ శ్రేయోభిలాషి,
ప్రిన్సిపాల్

తా.క. తొంభై ఎనిమిది పేపరు మా లెక్కల మాస్టారు నమూనాగా రాసినది, పొరపాటున కట్టలో కలిసింది. పోయిన రెండు మార్కులు ఎక్కడ పోయాయోనని ఆయన అన్నం మానేశారు.

ప్రిన్సిపాల్ గారికి,

తల దించుకుని రాస్తున్నాను. పదకొండు మా అమ్మాయిదే. ఆరో లెక్క పక్కన కుట్టుమిషను బొమ్మ ఉంది, విరిగిన పెడలుతో సహా. అది మా మిషనే. చూడగానే గుర్తుపట్టాను. సిగ్గేసి కట్ట అడుక్కి తోసేశాను. ఇంటికి రాగానే "నాది దొరికిందా నాన్నా?" అని అడిగింది. లేదన్నాను. ఆ మాటన్న దగ్గర్నుంచి దాని ముఖం చూడలేకపోతున్నాను. ఆరుకి పంపినా, అయిదులో ఉంచినా మీ ఇష్టం. ఆ పేపరు మీద మా అమ్మాయి పేరు రాయండి. కింద తండ్రినని నేను సంతకం పెడతాను.

తమ విధేయుడు,
దర్జీ

తా.క. ఇందాక దగ్గర కూర్చోబెట్టుకుని అడిగితే అసలు సంగతి చెప్పింది. లెక్కలు రావు కాబట్టి, పేరు లేకపోతే నాన్నకు తెలియదని అందరికన్నా ముందు అనుకున్నది మా అమ్మాయేనట. తన పేపరొక్కటే పేరు లేకుండా ఉంటే దొరికిపోతానని, పరీక్షకు ముందు వరండాలో నిలబడి మిగతా ముప్పై తొమ్మిది మందికీ మీ వేదాంతం పాఠం చెప్పింది. వాళ్ళూ నమ్మారు, మీరూ నమ్మారు. లెక్కల సంగతి సరే, ఆ సబ్జెక్టులో దానికి ఎన్ని వేస్తారో మీరే చెప్పండి.