గీకేసిన నంబరు

బావా,

ఇవాళ నీ సంవత్సరీకం. భోజనాలయ్యాక తెనాలిలో మన రిపేరు కొట్టు తెరిచానో లేదో, రేపల్లె మాస్టారు టీవీ పట్టుకొచ్చారు.

"పోయినసారి మీ బావగారే బాగుచేశారండి" అన్నారు.

విప్పి చూస్తే పవర్ సప్లై బోర్డు మీద నువ్వు వేసిన ట్రాన్సిస్టరు కాలిపోయింది. అలాంటిదే వెయ్యాలంటే దాని నంబరు కావాలి. నంబరేదీ? బ్లేడుతో గీకేశావు!

"ఎదురు కొట్టాయన చూస్తే నేర్చేసుకుంటాడురా" అనేవాడివి. పదేళ్లు నీ పక్క బల్ల మీదే కూర్చున్నానే, నాకైనా చెప్పొద్దూ? చెబితే నీ సొమ్మేం పోయింది?

సిగ్గు చంపుకుని ఆ బోర్డు ఎదురు కొట్టుకే తీసుకెళ్లాను. ఆయన ఆ గీతలు చూసి నవ్వాడు.

"మీ బావగారు గీకినవి నా దగ్గరికీ వచ్చేవండి. నాలుగు రకాలు వేసి చూస్తే తెలిసిపోయింది. ఎన్నేళ్లనుంచో నేనూ ఇదే వేస్తున్నాను" అంటూ డబ్బాలోంచి ఒకటి తీసిచ్చాడు.

అంటే నీ రహస్యం ఎవరికి తెలియకూడదనుకున్నావో వాడికి తెలుసు. సొంత బామ్మర్దిని, నాకే తెలీదు!

కొత్తది వేశాను. టీవీ వెలిగింది. నంబరు గీకలేదు సరికదా, పక్కనే బోర్డు మీద పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాశాను కూడా.

నచ్చకపోతే నువ్వే వచ్చి గీక్కో.