తీగతో కట్టిన మీట

బరంపురం, శనివారం

అగ్గిపెట్టెలు చేసే మిషనులో అట్ట వంకరగా వెళ్తే, దాన్ని వెంటనే ఆపే మీట ఒకటుంది. మాటిమాటికీ ఆగిపోతోందని షావుకారు నిన్న ఆ మీటను తీగతో కట్టించేశారు.

"బాబూ, అట్ట అడ్డంపడితే సక్రం పళ్ళు ఇరిగిపోతాయండి" అన్నాను.

"నువ్వు మిషను సూడు. యాపారం నేను సూసుకుంతాను" అన్నారు.

ఈరోజు మధ్యాహ్నం అదే జరిగింది. నేను పరుగెత్తి మిషనును తిప్పే బెల్టు తప్పించేలోపే పళ్ళు విరిగాయి. మా బరంపురం మద్రాసు నుంచి విడిపోయి ఒరిస్సాలో కలిసినా, కొత్త చక్రం మద్రాసు నుంచే రావాలి. ఎప్పుడొస్తుందో షావుకారే చెప్పలేకపోయారు.

పెట్టెల్లో పుల్లలు నింపే ఆడవాళ్ళు, నింపడానికి పెట్టెల్లేక, గేటు దగ్గర నిలబడ్డారు. వాళ్ళలో మా వదిన కూడా ఉంది.

"అప్పన్నా, సోమారం రమ్మంతావేటి?"

"రా వదినా" అన్నాను.

వస్తే ఏం పని చూపిస్తానో నాకే తెలియదు.