ఒక్క మెతుకు చాలని

బుజ్జితల్లికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం అని అలవాటుగా రాయబోయి ఆగాను. అందరం అనడానికి ఇప్పుడు నేనొక్కణ్ణే కదా. నేను క్షేమం. నువ్వు, అల్లుడు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరంలో మూడు ప్రశ్నలు. వేళకే తింటున్నాను. మోకాలినొప్పి తగ్గింది. మూడోదానికి చివర్లో జవాబు రాస్తాను.

మామయ్య ఆఫీసులో చేసేదేమిటని అల్లుడు అడిగాడట కదా. ఇటుకను స్కాన్ చేసి, లోపలి సన్నటి రంధ్రాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించుకుంటాను. ఒక్కో రంధ్రంలో నీటిబొట్టు ఏ కోణంలో అంటుకుందో కొలుస్తాను. బొట్టు పరుచుకుంటే ఇటుక నీళ్లు తాగుతుంది, గుండ్రంగా నిలబడితే తాగదు. "ఇటుకలకి దాహమేస్తోందో లేదో చూసే ఉద్యోగం" అని మీ అమ్మ వెక్కిరించేది.

అమ్మ పోయిన ఆరో రోజే ఆఫీసుకు వెళ్లానని నీకు కోపం. ఆ రోజు ఒక ఆసుపత్రి గోడకు తడి ఎక్కకుండా వేసే పూత ఒకసారి చాలా, రెండుసార్లు వేయాలా అని తేల్చాలి. ఒక పూత వేసిన ఇటుకలో వేల రంధ్రాలు కొలవాలి. నేను ఒక్కటి కొలిచాను. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలని అమ్మ అనేది కదా. ఆ ఒక్క కోణమే అన్నింటికీ వేసి, ఒక పూత చాలని సంతకం పెట్టేశాను. భయం లేదు, సిగ్గు లేదు. ఆ చెయ్యి నాది కానట్టే ఉంది.

వానలకు గోడంతా చెమ్మెక్కింది. పూత సరిగ్గా వేయలేదని మేస్త్రిని పనిలోంచి తీసేశారు. అది విని కూడా నెల రోజులు నోరు విప్పలేదు. మొన్న కూర్చుని అన్నీ కొలిచాను. పూత ఒక రంధ్రంలోకి దిగింది, దాని పక్కదానిలోకి దిగనే లేదు. ఇటుక అన్నం కాదమ్మా.

నిన్న మేనేజరుకు చెప్పేశాను. మేస్త్రిని మళ్లీ పనిలోకి పిలిచారు. నా ఉద్యోగం సంగతి సోమవారం తేలుతుంది. క్షమించమని అడగడానికి వెళ్తే మేస్త్రి తిట్టలేదు.

"ఆ ముక్కేదో మా ఆవిడతో చెప్పండి సార్. నా తప్పు లేదని ఒట్టేసినా నమ్మట్లేదు" అన్నాడు.

వాళ్లింటికి వెళ్లి చెప్పాను. ఆవిడ నావైపు చూడనైనా లేదు. "నెల్రోజులు నిన్ను రాచిరంపాన పెట్టాను కదయ్యా" అని అతని చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

ఏడ్చావా నాన్నా అని నీ మూడో ప్రశ్న. లేదమ్మా. అక్కడ కూడా ఏడుపు రాలేదు. ఇంటికొచ్చి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి, కుర్చీలో కూర్చున్నాను. కాసేపటికి, "ఉడికిందేమో చూడవోయ్" అని కేకేశాను.

తర్వాత నేనే లేచి చూశాను.

ఇట్లు,
మీ నాన్న