ప్లాసెంటియా కోటలో రైతులను కాపలా పెట్టినందుకు

పియాచెంజా నివాసి, రైల్వేలో సిగ్నల్ ఉద్యోగం చేసి విరమించిన ఎర్మెతె బొసెల్లి అను నేను, డెబ్భై ఆరేళ్ళ వయసులో, గుండె బలహీనమైనా బుద్ధి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాయిస్తున్నాను. కోపంతో ఉన్నమాట నిజం. కోపం మతిభ్రమణం కాదని నోటరీ గారు ఒప్పుకున్నారు.

1. ఇల్లు, అందులోని సామాను నా కూతురు లీదియాకు. ఇందులో తగాదా లేదు.

2. కీర్తిశేషురాలు నా భార్య అడెలె చేతిగడియారం ఆమె తమ్ముడు ఇవానోకు. అక్క వస్తువు తమ్ముడికి చెందాలి. కింద రాసిన వాటికీ దీనికీ సంబంధం లేదు.

3. ఇక ఆట. నివెస్ కవాల్లి నడిపే కాఫీ బారు వెనక గదిలో, ఒకే కంప్యూటర్ మీద, నివెస్, ఇవానో, నేను పదకొండేళ్ళుగా ప్రతి గురువారం రోమన్ సామ్రాజ్యాన్ని ఏలుతున్నాం. ఎవరి ఊళ్ళు వారివి. ఉత్తర సరిహద్దులోని ప్లాసెంటియా, అరిమినుం నావి. మొదటిది మా ఊరి పాత పేరే. వంతు ముగించాక, దాచిన పాత ఫైలు తెరిచి ఆటను వెనక్కి తిప్పకూడదన్నది మా నియమం.

4. 2018 అక్టోబరులో నన్ను ఆసుపత్రిలో చేర్చారు. అక్కడున్న ఆరు వారాల పాటు నా ఊళ్ళను ఇవానోకు అప్పగించాను. ప్లాసెంటియాలో నాలుగు బల్లెం దళాలు, రెండు విలుకాళ్ళ దళాలు ఉండేవి. రెండో గురువారమే వాటన్నిటినీ తన సముద్రతీరపు ముట్టడికి తోలుకుపోయి, కోటను కొడవళ్ళు పట్టిన రైతులతో నింపాడు. నివెస్ అడ్డు చెప్పింది. "ఊళ్ళో తిరుగుబాటు రాకుండా ఈ ఆట లెక్కబెట్టేది తలకాయల్నే గానీ బల్లేల్ని కాదమ్మా. చవగ్గా దొరికే తలకాయలు పెట్టా. బావే మెచ్చుకుంటాడు చూడు" అన్నాడట. లోపలి ఊళ్ళకు ఆ లెక్క సరే. సరిహద్దు ఊరికి గోడ అవతల కూడా మనుషులుంటారు.

5. నవంబరు 8న సరిహద్దు అవతలి శత్రువులు, గాల్ జాతి సేన వచ్చింది. కోట తలుపు విరగకముందే రైతులు పారిపోయారు, ఊరు పోయింది. ఇంతవరకు పొరపాటు. మర్నాడు ఇవానో ఆసుపత్రికి వచ్చి, నా కమలాపండు వలుచుకు తింటూ, "అంతా భేషుగ్గా ఉంది బావా, నువ్వు పడుకో" అన్నాడు. ఇది పొరపాటు కాదు. ఇంటికొచ్చాక తెర చూసి నిలదీస్తే, "పాత ఫైలు తెరిస్తే పోలా?" అన్నాడు. ఈ రెండింటినీ నేను క్షమించడం లేదు.

6. అరిమినుం ఇంకా నిలిచి ఉంది. నివెస్ తనకున్న మూడు బల్లెం దళాల్లో రెండింటిని, ఎవరూ అడక్కుండా, అక్కడికి పంపినందువల్ల. ఎందుకని అడిగితే, "మీరు పడితే తర్వాత వంతు నాదే కదండీ ఎర్మెతె గారూ, మరీ అంత మంచిదాన్ని కాదు" అంది. కాబట్టి అరిమినుం, నా సేనలన్నీ, దళాల వివరాలు రాసుకున్న నోటుపుస్తకం ఆమెవి. ఆమె బంధువు కాదని ఇవానో అనవచ్చు. నిజమే, కాదు.

7. ప్లాసెంటియా ఇవానోకు. అది శత్రువు చేతిలో ఉందని తెలిసే ఇస్తున్నాను. సొంత సేనతో గెలుచుకోవాలి. గెలిచిన రోజు, వంతు ముగించే ముందు, కోటలో ఎవరెవరిని కాపలా ఉంచాడో దళం దళం చొప్పున నివెస్‌కు పైకి చదివి వినిపించాలి. రైతులన్న మాట ఒక్కసారి వచ్చినా ఊరు ఆమెదే. అతను చదివింది నిజమో కాదో ఆమె తెర మీద సరిచూసుకోవాలి. నేను మాట నమ్మాను.

పియాచెంజా, 2019 మార్చి 4.

(సంతకం) ఎర్మెతె బొసెల్లి

సాక్షులు: ఒరెస్తె మాంద్జీని, మందుల దుకాణం; ఫ్రాంకా తెదాల్ది, పొరుగింటావిడ